షుగర్ చీటీతో పాటు నడుము కొలత కూడా

అయ్యా,

వైద్య శిబిరాల్లో వేలి నుంచి రక్తపు చుక్క తీసి, ‘షుగర్ నార్మల్’ అని చీటీ చేతిలో పెట్టి పంపేస్తున్నారు. బొజ్జ ఉన్నవారిని ఆ చీటీ మభ్యపెడుతుంది. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినకపోవడమే ఇన్సులిన్ రెసిస్టెన్స్. అప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ వదిలి షుగర్‌ను అదుపులో పెడుతుంది. ఇలా ఏళ్లు నెట్టుకొచ్చి, అలిసిపోయాకే పరగడుపు షుగర్ 100 దాటుతుంది. 126కి చేరితే మధుమేహమే.

ఈలోగా కాలేయానికి కొవ్వు పడుతుంది, బీపీ పెరుగుతుంది. కొందరు ఆడపిల్లల్లో ఎక్కువైన ఇన్సులిన్ వల్ల అండాశయాలు మగ హార్మోన్లను అతిగా తయారుచేస్తాయి. నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం అందుకే. మెడ వెనుక మందంగా, నల్లగా కనిపించే పట్టీ చాలాసార్లు ఇన్సులిన్ రెసిస్టెన్స్ గుర్తే. అది మురికి కాదు, ఎంత నలుగు పెట్టినా పోదు.

దీని మూలం ఎక్కువగా పొట్ట లోపలి కొవ్వులో ఉంది. బరువు మామూలుగా ఉన్నా మనవాళ్లలో ఈ కొవ్వు పేరుకుంటుంది. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, బొజ్జ కిందికి బెల్టు దించితే ఎవరిదైనా 34 అవుతుంది! చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్యన, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి. కొలత దాటినవారు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష) చేయించుకోవాలి. అందులో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు 150 పైన, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) మగవారికి 40, ఆడవారికి 50 లోపు ఉంటే షుగర్ నార్మలైనా జాగ్రత్త పడాల్సిందే. ఫాస్టింగ్ ఇన్సులిన్ పరీక్ష అందరికీ అక్కర్లేదు, దాని ఫలితం ల్యాబ్‌ను బట్టి మారుతుంది కూడా.

అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే ఒరిగేది తక్కువ. అన్నం సగానికి తగ్గించి, ఆ చోటు పప్పుతో, కూరతో, గుడ్డుతో నింపాలి. రెండేసి చెంచాల పంచదారతో రోజుకు నాలుగు టీలంటే 30 గ్రాములు దాటుతుంది, అది ముందు ఆపాలి. భోజనం చేయగానే పడుకోకుండా పావుగంట నడిస్తే, పనిచేసే కండరం ఇన్సులిన్ కోసం అంతగా ఎదురుచూడకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. షుగర్ అంచున ఉన్నవారిపై అమెరికాలో చేసిన అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతమంటే అయిదున్నర కిలోలే.

శిబిరాలు పెట్టేవారు గ్లూకోమీటర్ పక్కన ఒక దర్జీ టేపు ఉంచి, చీటీ మీద నడుము కొలత కూడా రాసివ్వాలి. టేపు పెట్టే చోటును బొమ్మతో సహా మీ ఆరోగ్య పేజీలో వేయగలరు.

ఇట్లు,
ఒక జనరల్ ఫిజీషియన్, ఏలూరు