ప్రింటర్ ఒక్కరి టేబుల్‌కు కట్టేయకండి

సంపాదకులకు,

ఆఫీసుల్లో ప్రింటర్ కొనేటప్పుడు ఉన్న శ్రద్ధ దాన్ని బిగించేటప్పుడు ఉండట్లేదని చెప్పడానికే ఈ ఉత్తరం. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఆఫీసులకు కంప్యూటర్, నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. ప్రభుత్వ ఆఫీసైనా ప్రైవేటైనా చాలాచోట్ల ఒకటే తీరు. మంచి లేజర్ ప్రింటర్ ఉంటుంది, వెనకాల లాన్ కేబుల్ (నెట్‌వర్క్ వైరు) పెట్టే సాకెట్ దుమ్ము పట్టి ఖాళీగా ఉంటుంది, ప్రింటర్‌ను మాత్రం యూఎస్‌బీ వైరుతో ఒక్కరి సిస్టంకు తగిలించి మిగతా సీట్లకు షేర్ చేసి వెళ్లిపోతారు.

ఆ సిస్టం ఆన్‌లో ఉన్నంతసేపే అందరికీ ప్రింట్. ఆ సీటు ఉద్యోగి సెలవు పెడితే సెక్షన్ మొత్తం ఆగిపోతుంది, ఎందుకంటే పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు. ఈ మధ్య ఒక ఆఫీసులో పరకాల వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. కాగితం రెడీ అయింది, స్క్రీన్ మీద కనిపిస్తోంది కూడా. "ప్రింటర్ సారు ఇయ్యాల లీవుల ఉన్నడమ్మా, రేపు రాండ్రి" అన్నారు. బస్సు కిరాయి పెట్టుకుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి చెప్పాల్సిన మాటేనా అది? కొన్ని చోట్ల ఫైల్‌ను పెన్ డ్రైవ్‌లో వేసి బయట జిరాక్స్ సెంటర్‌కు పంపిస్తారు. ఆధార్ నంబర్లు, జీతాల వివరాలు ఉన్న కాగితాలు అలా రోడ్డు మీదకు వెళ్తున్నాయి, పెన్ డ్రైవ్‌తో పాటు వైరస్ లోపలికి వస్తోంది.

షేరింగ్‌తో ఇంకో తలనొప్పి ఉంది. 2021 సెప్టెంబర్‌లో విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చాక ఇలా షేర్ చేసిన ప్రింటర్లు చాలాచోట్ల చివర 11బి అని ఉండే ఎర్రర్ చూపించి మొరాయించాయి. కొందరు ఆ అప్‌డేట్‌నే తీసేసి పని నడిపించారు. అంటే ప్రింట్ కోసం తాళం తీసి పెట్టినట్టే.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. నెట్‌వర్క్ స్విచ్ (ఆఫీసు సిస్టంల లాన్ వైర్లన్నీ కలిసే పెట్టె) నుంచి ప్రింటర్‌కు ఒక లాన్ కేబుల్ లాగి, ప్రింటర్‌కు మారని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబర్) ఇవ్వాలి, ప్రతి సిస్టంలో ఆ అడ్రస్‌తోనే ప్రింటర్‌ను యాడ్ చేయాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. అడ్రస్‌ను ఈ నంబర్లు పంచే రూటర్ ఇష్టానికి వదిలేస్తే, కరెంటు పోయి వచ్చాక ప్రింటర్‌కు ఇంకో అడ్రస్ రావచ్చు, సిస్టంలు పాత అడ్రస్‌లోనే వెతుకుతూ 'ఆఫ్‌లైన్' అని చూపిస్తాయి. ప్రింటర్ బాగానే ఉంటుంది, మెకానిక్‌కు మాత్రం ఫోన్ వెళ్తుంది. రూటర్‌లో ఆ ప్రింటర్‌కు ఒక అడ్రస్ రిజర్వ్ చేసి, అదే నంబర్ ప్రింటర్ మీద స్టిక్కర్‌గా అంటిస్తే తర్వాత వచ్చేవాళ్లకు కూడా తెలుస్తుంది. ప్రింటర్ సెట్టింగ్స్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి, వచ్చిపోయేవాళ్లు వాడే వైఫైలో దాన్ని పెట్టొద్దు. జీతాల బిల్లుల్లాంటివి ట్రేలో అందరి కంటా పడకుండా, మనిషి వచ్చి పిన్ నొక్కితేనే ప్రింట్ వచ్చే సౌకర్యం చాలా ఆఫీసు ప్రింటర్లలో ఉంది, వాడుకోండి. ఇంకో మాట, లేజర్ ప్రింటర్‌ను కంప్యూటర్ యూపీఎస్‌కు తగిలించొద్దు, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ ట్రిప్ అవుతుంది.

2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆఫీసులను హడావుడిగా సర్దాల్సి వచ్చింది, అప్పుడు దొరికిన వైరుతో నడిపించారంటే అర్థం చేసుకోవచ్చు. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే పద్ధతి ఎందుకు? జిల్లా అధికారులకు నా విన్నపం ఒక్కటే. ప్రింటర్ సప్లయ్ చేసినవాళ్ల బిల్లు పాస్ చేసే ముందు, ఆ సెక్షన్‌లో ప్రతి సీటు నుంచి ఒక టెస్ట్ పేజీ తీయించండి, ప్రింటర్‌ను మొదట బిగించిన సిస్టం ఆఫ్ చేసి మరీ మిగతా సీట్ల నుంచి తీయించండి. అన్ని పేజీలూ వస్తేనే సంతకం పెట్టండి.

- ఒక పాఠకుడు, హనుమకొండ