బుల్లెట్ పుట్టిన ఊరు రెడిచ్

మిత్రులందరికీ నమస్కారం. ఈ ఆదివారం రైడ్ మన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటార్‌సైకిల్ పుట్టిన ఊరు, ఇంగ్లండ్‌లోని రెడిచ్ పేరు మీద చేద్దాం.

బర్మింగ్‌హామ్‌కు దక్షిణాన ఉంటుంది ఆ ఊరు. కుట్టుసూదుల తయారీకి పేరు మోసింది. ఆ సూదుల వ్యాపారంలోంచే సైకిళ్లు, 1901లో మొదటి మోటార్‌సైకిల్ వచ్చాయి. అంతకుముందు ఎన్‌ఫీల్డ్ తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చారు. అందుకే మన బండికి ఎన్‌ఫీల్డ్ అన్న పేరు, ఆ ఫిరంగి గుర్తు. 1932లో బుల్లెట్ పుట్టిందీ అక్కడే.

1967లో రెడిచ్‌లో తయారీ ఆగిపోయింది. ఇదే బండి తయారీకి 1955లో మొదలైన మద్రాసు కంపెనీ మాత్రం ఆ తర్వాత కూడా తిరువొత్తియూరులో బండి కడుతూనే వచ్చింది. మనం డీకంప్రెసర్ (ఇంజిన్‌లో ఒత్తిడి తగ్గించే మీట) నొక్కి, అమ్మీటర్ (కరెంటు చూపే మీటర్) ముల్లు మధ్యకి వచ్చేదాకా చూసి కిక్ కొట్టిన పాత బళ్లన్నీ ఆ రెడిచ్ డిజైన్‌వే. నా దృష్టిలో ఆ ఊరి కార్మికులకు మనం ఎంతో రుణపడి ఉన్నాం.

పాత కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజిన్ బళ్లున్నవాళ్లు తప్పకుండా తీసుకురండి, ముందు వరుస మీదే. ఇంగ్లండ్‌లో ఉన్న మన సభ్యులు వీలైతే రెడిచ్‌లో హ్యూవెల్ రోడ్ వైపు వెళ్లి, పాత ఫ్యాక్టరీ ఉన్నచోట నాలుగు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టండి.