మా నాన్న గుట్టు బయటపడింది

ఒరేయ్ శీనూ,

ఆలస్యమైంది, తిట్టుకో. అందరం బాగున్నాం, లలిత ఉద్యోగం మారింది, అమ్మానాన్నా అమెరికా వచ్చి మా ఊరు ఎడిసన్ చలికి వణుకుతున్నారు. ఇక అవన్నీ వదిలేయ్. ముందు కూర్చో. నిలబడి చదివితే పడిపోతావ్.

నాకు పాత అమెరికన్ రేడియో నాటకాల పిచ్చి పట్టిందని చెప్పానుగా. వాటిలో ‘ది ఆల్డ్రిచ్ ఫ్యామిలీ’ అని ఒకటి. 1939లో మొదలై 1953 దాకా నడిచింది. హెన్రీ అని పదహారేళ్ళ కుర్రాడు. ఏదో చిన్న తప్పు చేస్తాడు, అది సర్దబోయి ఇంకోటి చేస్తాడు, సాయంత్రానికి ఊరంతా గోల. మొదట్లోనే వాళ్ళమ్మ "హెన్‌రీఈఈ! హెన్రీ ఆల్డ్రిచ్!" అని కేకేస్తుంది. వీడు కీచుగొంతుతో "కమింగ్, మదర్!" అంటాడు. ఆ గొంతు ఎజ్రా స్టోన్‌ది. మొదలుపెట్టేనాటికే అతనికి ఇరవై దాటాయిరా!

మొన్న రాత్రి అది హాల్లో పెట్టాను. కేక వినగానే అమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది. "పాపం, ఆ తల్లి అంతలా పిలుస్తుంటే పలకడేం?" ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అయినా కథంతా పట్టేసింది. ఫోన్ మోగితే "బడి నుంచే" అంది. నిజంగా బడి నుంచే!

నేను ఊరుకోవచ్చుగా? ఇది 1938లో బ్రాడ్‌వేలో ఆడిన ‘వాట్ ఎ లైఫ్’ నాటకంలోంచి వచ్చిందని మొదలుపెట్టాను. అందులో హెన్రీ నాన్న ప్రిన్స్‌టన్‌లో చదువుల పులి, కొడుకూ అలాగే అవ్వాలని పట్టు. కొడుకేమో హిస్టరీ పరీక్షలో కాపీ కొట్టి దొరికిపోతాడు. సోఫాలో ఉన్న నాన్న గొంతు సవరించుకున్నాడు. హోంవర్కులు ఇవ్వలేదని బడి నుంచి మెయిల్ వచ్చిన దగ్గర్నుంచి మా ఆదిత్యకి రోజూ క్లాసు పీకుతున్నాడులే. "తండ్రిని చూసైనా నేర్చుకోవద్దూ? నేను వాడి వయసులో..."

"ఊరుకోండి! మీరు పీయూసీ లెక్కలు తప్పి, మళ్ళీ రాసి సెప్టెంబర్లో కదూ గట్టెక్కింది?" అంది అమ్మ. గరిటె ఊపుతూ, మామూలుగా, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

శీనూ! సెప్టెంబర్ రా! మనిద్దర్నీ అరుగు మీద నిలబెట్టి, "నా జీవితంలో ఎర్ర గీత ఎరగను" అన్న మనిషి! లెక్కల్లో నీకొచ్చిన పద్నాలుగు మార్కుల్ని వీధంతా వినిపించిన మనిషి! ఆ సాయంత్రం నువ్వు నీలం సైకిలెక్కి ఎక్కడికి పారిపోయావో... సరే, అది రాయకూడదనుకున్నాం.

నాన్న "ఆ ఏడు పేపర్ చాలా కష్టంగా ఇచ్చారు" అన్నాడు. అచ్చం మనలాగే! ఆదిత్య సోఫా మీంచి కిందపడి నవ్వాడు. నాకు మాత్రం ఒక్క క్షణం జాలేసింది. ఇన్నేళ్ళు ఎలా దాచాడో, మా తాతకి ఏం చెప్పాడో... తర్వాత నీ పద్నాలుగు గుర్తొచ్చి జాలి పోయింది.

ఇంకా ఉంది. తెల్లారి ఆదిత్య తాతని పక్కన కూర్చోబెట్టుకుని ఆల్జీబ్రా... అమ్మో, నాన్న మెట్లు దిగుతున్నాడు. ఇటే వస్తున్నాడు. ఉంటా!

నీ,
రాజు