పిల్లల పోషకాహార కార్యక్రమాలపై సంఘం వార్షిక నివేదిక (2024–25)

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పుట్టిందో, ఏం చేస్తుందో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పనులను మీ ముందు ఉంచుతున్నాను. నిబంధనావళి ప్రకారం ఏటా చదవవలసిన నివేదికే ఇది. అయితే కొందరు పడ్డ కష్టం మినిట్స్ పుస్తకంలోనే ఉండిపోకూడదని నాకు గట్టిగా ఉంది. అందుకే కాస్త పొడుగైంది. భోజనాలు పన్నెండున్నరకని వంటవారు చెప్పారు, ఆ లోపే ముగిస్తాను.

కృతజ్ఞతలు మొదటే చెబుతాను. చివర చెబితే అప్పటికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయని పోయిన ఏడాది చూశాం. సరుకు దాచుకోవడానికి గోదాములో ఒక గది వదిలిన రైసుమిల్లు యజమాని గారికి, వరద రోజుల్లో డీజిల్ డబ్బులు కూడా తీసుకోని పడవ సరంగు గారికి, మూడు గ్రామాల అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు, ఆశా కార్యకర్తలకు, పిలిచినప్పుడల్లా కాదనకుండా వచ్చిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారికి, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుని గారికి, సమావేశాలకు అరుగు ఇచ్చిన రామాలయ కమిటీకి, కుర్చీలు అద్దె లేకుండా పంపిన షామియానా దుకాణం వారికి, ఇటీవలే ఉద్యోగ విరమణ చేసినా ఇంట్లో కూర్చోని మన ఉపాధ్యక్షురాలికి, ప్రతి సమావేశానికీ టీ పంపిన హోటలు గారికి సంఘం రుణపడి ఉంది. డ్వాక్రా సంఘాల మహిళలకు వేరుగా చెప్పాలి. ఈ నివేదికలో కనిపించే పనుల్లో సగం వాళ్ళు చేసినవే.

ఏడాది మొదట్లో తయారుచేసుకున్న ప్రణాళికను జులైలో గోదావరి తిరగరాసింది. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర వరద హెచ్చరిక జారీ అయ్యేసరికే నది నడుమ ఉన్న మన లంకలకు దారి తెగిపోయింది. కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్నాయి. అంగన్‌వాడీ సరుకులు ఇవతలి గట్టున, పిల్లలు అవతలి గట్టున. వరద సాయం అంటే బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు. పెద్దవాళ్ళకు అది చాలు. పది నెలల బిడ్డకు ఉల్లిపాయలు ఏం చేసుకోవాలి? పసిపిల్లలకు అంగన్‌వాడీలు ఇచ్చే బాలామృతం పొడి ప్యాకెట్లు, పాలు, గుడ్ల అట్టలు పడవలో చేరవేశాం. గుడ్ల అట్టలు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్న మన మహిళా సభ్యురాలు ఒడ్డు దిగేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక్క గుడ్డు పగల్లేదు.

వరద తీశాక అధికారులకు ఒక వినతిపత్రం ఇచ్చాం. లంక గ్రామాల అంగన్‌వాడీలకు జులై, ఆగస్టు నెలల సరుకు జూన్ నెలాఖరుకే చేర్చాలన్నది అందులోని ఏకైక కోరిక. గోదావరికి ఏటా ఎప్పుడు వరద వస్తుందో మనకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. అదనపు ఖర్చు లేదు, సరుకు కదిలే తేదీ మారితే చాలు. వినతిపత్రం అందినట్లు ముద్ర వేసిన కాగితం మాత్రం మన దగ్గర భద్రంగా ఉంది.

బడి ఆవరణలో వేసిన కూరగాయల మడుల సంగతి. బొప్పాయి మొక్కలు నీళ్ళు నిలిచిన మర్నాటికే తలలు వాల్చేశాయి. మునగకూ కాలి కింద నీరు గిట్టదు కనుక ముందే కాలువ గట్టు మీద నాటాం, అవి బతికాయి. బచ్చలి, తోటకూర సెప్టెంబరులో మళ్ళీ చల్లాం. మేకల నుంచి కాపాడడానికి కంచె వేయించిన దాత పేరు చెప్పవద్దన్నారు. ఆషాఢంలో మునగాకు వండుకోవడం మన ఇళ్ళలో ఉన్న ఆచారమే. మిగతా పదకొండు నెలలు ఆ చెట్టు కేసి ఎవరూ చూడరు. ఇప్పుడు వారానికి రెండు సార్లు బడి పప్పులో మునగాకు పడుతోంది. మొదట్లో పిల్లలు ఆకు ఏరి పళ్ళెం అంచున పెట్టేవారు. వంటావిడ సన్నగా తరిగి పప్పులో మెదిపేయడం మొదలుపెట్టాక ఏరడానికి ఏమీ దొరకడం లేదు.

ఇదంతా ఎందుకని అడిగే సభ్యులు ఇంకా ఉన్నారు. "అన్నపూర్ణ లాంటి గోదావరి జిల్లాలో పోషకాహార లోపమా?" అని పోయిన సమావేశంలోనే ఒక పెద్దాయన నవ్వారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత. పదిహేను నుంచి పందొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో నూటికి 60 మందికి అదే పరిస్థితి. ఇది రాష్ట్రం మొత్తం లెక్క, మన ఊరు అందులో లేదని అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు.

అన్నపూర్ణ మాట నిజమే, కాని మనం పండించేది మన పిల్లల పళ్ళెంలోకి ఎంత వస్తోంది? తణుకు, అనపర్తి వైపు నుంచి గుడ్ల లారీలు ఒడిశా, బెంగాల్ దారి పడతాయి. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు, అంబాజీపేటలో కొబ్బరి లారీలకెక్కుతాయి. చెరువులో పెరిగిన రొయ్య ఐసులో కూర్చుని అమెరికా పోతుంది. మనకు మిగిలేది వరి అన్నం. సార్వా, అంటే వానాకాలం వరి, కోయగానే చేలో పదునుకు మినుములు, పెసలు చల్లుకునే రోజుల్లో ఇంట్లో ఏడాదికి సరిపడా పప్పు ఉండేది. గట్ల మీద కంది మొక్కలుండేవి. రెండో పంటగా దాళ్వా వరి వచ్చి, ఆపైన చెరువులు వచ్చి ఆ పప్పును కొట్టుకు పంపేశాయి. బోదెల్లో దొరికే చిన్న చేపలను ముల్లుతో సహా నమిలి తినేవాళ్ళం, ఎముకకు బలం అక్కడే దొరికేది. చెరువుల మందులు కాలువల్లో కలిశాక ఆ పరిగెలూ తగ్గాయి. రైతును తప్పు పట్టడం లేదు, కార్యవర్గంలోనే నలుగురు చెరువుల వాళ్ళున్నారు. ధర దేనికి ఉంటే అదే వేస్తారు. పప్పుధాన్యాలకు గిట్టుబాటు ధర చూపించి, ఆ పప్పును ఇక్కడి బడులకు, అంగన్‌వాడీలకే కొనమని అడగడం ప్రభుత్వం వైపు మనం చేయవలసిన పని. తీర్మానం జతచేశాం.

ఇక ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసిన సంగతి. ఫిబ్రవరి రెండో వారంలో తణుకు దగ్గర వేల్పూరులోను, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోను కోళ్ళకు బర్డ్‌ఫ్లూ అని భోపాల్ ప్రయోగశాల నిర్ధారించింది. మర్నాటికి జిల్లాల్లో కోడిమాంసం దుకాణాలు వెలవెలబోయాయి. దాని దెబ్బ నేరుగా బడి భోజనం మీద పడింది. పిల్లలకు ఖాయంగా దక్కే మేలైన మాంసకృత్తులు ఆ గుడ్డులోవే. అది పళ్ళెంలో అలాగే మిగిలిపోతోంది. కొందరు తల్లులు "మా వాడికి గుడ్డు పెట్టవద్దు" అని చీటీ రాసి పంపారు. ఉన్నత పాఠశాల వెనక కుక్కలు ఆ వారం బాగా బలిశాయి.

కార్యవర్గం అత్యవసరంగా కూడింది. కరపత్రాలు వేద్దామని ఒకరు, మైకు ప్రచారం చేద్దామని మరొకరు. వంటావిడ ఇదంతా విని, "కాగితం చూసి ఎవరు తింటారండీ, నేను తింటే తింటారు" అన్నారు. అదే చేశాం. తల్లులందరినీ మధ్యాహ్నం బడికి పిలిచాం. డాక్టరు గారు రెండే మాటలు చెప్పారు: 70 డిగ్రీల వేడిలో ఆ వైరస్ చచ్చిపోతుంది, మరిగే నీళ్ళు 100 డిగ్రీలు. పచ్చసొన జారుగా ఉండే సగం ఉడికిన గుడ్డు వద్దు, పచ్చి గుడ్డు ముట్టుకున్న చేయి సబ్బుతో కడుక్కోండి, చచ్చిన కోడిని ఇంటికి తేకండి అని కూడా దాచకుండా చెప్పారు. నాలుగో తరగతి కుర్రవాడొకడు లేచి, "కోళ్ళే చచ్చిపోతుంటే గుడ్డు ఎలా తినమంటారండీ?" అని అడిగాడు. మంచి ప్రశ్న. వంటావిడ జవాబు చెప్పలేదు. గిన్నె దించి, ఒక గుడ్డు చల్లనీళ్ళలో వేసి, పెంకు ఒలిచి, చాకుతో రెండు ముక్కలు చేశారు. గట్టిగా ఉడికిన పసుపును వాడికి చూపించి, ఉప్పు, మిరియాల పొడి చల్లి ఒక సగం తాను నోట్లో వేసుకున్నారు. రెండో సగం వాడు అందుకున్నాడు. తరవాత ప్రధానోపాధ్యాయులు, సర్పంచ్ గారు, నేను, తల్లులు. నాకు గుడ్డు అలవాటు లేదని ఇంట్లో వాళ్ళకు తెలుసు, ఆ రోజు తిన్నాను. వారం తిరిగేసరికి మిగిలిపోయే గుడ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేలా తగ్గాయి. పక్క మండలం నుంచి ఇద్దరు ప్రధానోపాధ్యాయులు వచ్చి చూసి వెళ్ళి తమ బడుల్లోనూ ఇదే చేశారు. ఆ వంటావిడకు ఈ రోజు సంఘం తరఫున శాలువా కప్పుతున్నాం, దయచేసి ఆ సమయానికి ఎవరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళవద్దు.

ఆవిడకు నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్టు ఖాతా ఆవిడ పేరు మీదే పెరుగుతుంది. 2024 డిసెంబర్ 1 నుంచి కేంద్రం ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి రోజువారీ వంట సామగ్రి ఖర్చును 5 రూపాయల 45 పైసల నుంచి 6 రూపాయల 19 పైసలకు పెంచింది. పెరిగిన 74 పైసలకు ఏ కూర వస్తుందో సభ్యులే ఆలోచించాలి. బడి భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మన లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం వడ్డించిన తల్లి పేరది. ఆ పేరున్న పథకంలో వండేవాళ్ళు అప్పు చేసి వండడం మనకు మర్యాద కాదు.

ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు 2025 జనవరి 4 నుంచి మధ్యాహ్న భోజనం మొదలైంది. మనం ఎప్పటి నుంచో అడుగుతున్నదే. ఏడు గంటల బస్సు ఎక్కే ఆడపిల్లలు ఏమీ తినకుండా వచ్చి, సాయంత్రం దాకా ఒక బిస్కెట్ ప్యాకెట్‌తో గడిపేవారు. మొదటి వారం మగపిల్లలే తిన్నారు, ఆడపిల్లలు వరసలో నిలబడడానికి మొహమాటపడ్డారు. అధ్యాపకురాళ్ళు ముందు నిలబడ్డాక కదిలారు. వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను కూడా భోజనం తరవాతే ఇవ్వమని కోరాం. ఖాళీ కడుపున మింగితే వికారం, దాంతో మాత్ర కిటికీలోంచి బయటికి. భోజనం మీదట వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటపట్టదని, నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుందని ఆశా కార్యకర్తలు చెప్పారు. ఒక రైతు సభ్యుడు బస్తా నిమ్మకాయలు పంపారు.

బడి బియ్యంలో కలిపే బలవర్ధక గింజలను ప్లాస్టిక్ అనుకుని ఏరిపారేసే తల్లులకు రెండు వీధుల్లో వండి చూపించాం. వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలిపే ఆ గింజల్లో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉంటాయి. ఈ పని ఇంకా మిగిలి ఉంది.

బడి గేటు ముందు బండ్ల వ్యవహారం. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన చేసింది. మన గేటుకు అయిదు అడుగుల్లో అయిదు రూపాయల ప్యాకెట్లు దండలు కట్టి వేలాడుతున్నాయి. సంబంధిత కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. ఎవరూ రాలేదు. జవాబూ రాలేదు. చివరకు మనమే బండి ఆవిడతో మాట్లాడాం. "ప్యాకెట్ మీద నాకు మిగిలేది అర్ధరూపాయి, మీరు ఇంకోటి చూపిస్తే అదే అమ్ముతాను" అన్నారు ఆవిడ. ఉడకబెట్టిన వేరుసెనగ, ఉప్పుకారం రాసిన జామకాయలు, కాలంలో తేగలు పెట్టించాం, మొదటి నెల సరుకు సంఘం కొనిచ్చింది. జామకాయలు బాగా పోతున్నాయి. ప్యాకెట్ల దండలు పూర్తిగా పోలేదు, సగానికి తగ్గాయి. పక్క కొట్టు వారు మాత్రం తగ్గించలేదు, ఆయన మన సంఘ సభ్యులే.

స్వచ్ఛంద సేవకుల విషయం చెప్పక తప్పదు. ఉగాది రోజున పేర్లు ఇచ్చినవారి జాబితా పుస్తకంలో రెండు పేజీలుంది. వరదలో పడవ దగ్గరికి వచ్చింది ఆరుగురు. కూరల మడులకు నీళ్ళు పెట్టే వంతు పట్టిక గోడ మీద ఉంది, నీళ్ళు పెట్టింది ఏడో తరగతి పిల్లలు. ఫోటోల రోజున మాత్రం నిలబడడానికి చోటు చాలలేదు. పనులుంటాయి, కాదనను. రాలేమని ముందురోజు ఒక ఫోను చేస్తే ఇంకొకరిని పిలుచుకుంటాం.

జమాఖర్చుల పట్టిక మీ కుర్చీల మీద పెట్టాం. విరాళాలు, చందాలు, వరద ఖర్చు, కంచె, జామకాయల బండి ఖర్చు అన్నీ అందులో ఉన్నాయి. ఆడిటరు గారు సంతకం చేశారు. కొద్దిపాటి నిల్వ ఉంది. సందేహాలుంటే కోశాధికారి గారిని భోజనాల దగ్గర అడగవచ్చు. చందా బకాయిలున్నవారిని ఆయనే అడుగుతారు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదిస్తున్నవి: లంక అంగన్‌వాడీల ముందస్తు సరుకు గురించి ఈసారి కలెక్టరు గారిని స్వయంగా కలవడం, సార్వా తరవాత మినుములు, పెసలు వేసే రైతులకు విత్తనం ఇప్పించడం, కళాశాల ఆడపిల్లలకు డాక్టరు గారి సాయంతో ఏడాదికి రెండు సార్లు రక్తపరీక్ష, వంట కార్మికుల బిల్లులు నెలనెలా చెల్లించాలని తీర్మానం. మడుల నీళ్ళ పట్టికలో ఖాళీలు ఇంకా ఉన్నాయి. ద్వారం దగ్గర బల్ల మీద పెన్ను కూడా పెట్టాం.

ఈ నివేదికను, జతచేసిన తీర్మానాలను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి