పముక్కలే అంటే తెల్ల మడుగులు మాత్రమేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో తుర్కియేలోని పముక్కలే అనే వేడి ఊటల కొండ గురించి వేసిన రెండు పేజీల వ్యాసం చదివాను. అప్పుడే రాద్దామనుకుని, ఎందుకులే అని ఊరుకున్నాను. ఈలోగా ఆ వ్యాసం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరగడం మొదలైంది. "మోకాళ్ల నొప్పులు పోతాయట, అందరం కలిసి వెళ్దాం" అంటున్నారు. అక్కడికి వెళ్లొచ్చిన దాన్ని కాబట్టి ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

వ్యాసం నిండా తెల్లటి మడుగులే. వాటి పైనే, కొండ మీద పరుచుకుని ఉన్న హియెరాపోలిస్ నగరం ఒక ఫొటో కింద "వెనుక శిథిలాలు" అన్న రెండు మాటలతో సరి. 1988లో యునెస్కో ఈ చోటును వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ప్రకృతినీ నగరాన్నీ కలిపే చేర్చింది. ఆ రెంటినీ విడదీసి సగమే చూపించే హక్కు మీ పత్రికకు ఎవరిచ్చారు?

క్రీ.పూ. 2వ శతాబ్దంలో పెర్గమమ్ అనే గ్రీకు రాజ్యపు రాజులు ఆ హియెరాపోలిస్ ఊరు కట్టింది ఆ వేడి ఊటలను చూసే. క్రీ.పూ. 133లో అది రోమన్ల చేతికి వచ్చింది. క్రీ.శ. 60లో, రోమన్ చక్రవర్తి నీరో కాలంలో భూకంపానికి కూలిపోతే మళ్లీ కట్టుకున్నారు. ఆ నీళ్లతో స్నానాలు చేశారు, ఉన్నికి రంగులద్దారు. కాలువల్లో పారిస్తే నీళ్లే గడ్డకట్టి రాతి గట్లుగా మారేవని స్ట్రాబో అనే గ్రీకు భూగోళవేత్త రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. ఎపిక్టెటస్ అనే తత్వవేత్త బానిసగా పుట్టింది ఈ ఊళ్లోనే. చర్చికి వెళ్లే తెలుగువాళ్లకు బైబిల్లోని కొలొస్సయుల పత్రికలో హియెరాపొలి అనే పేరు తెలిసే ఉంటుంది, అదీ ఈ ఊరే. అపొస్తలుడైన ఫిలిప్పు అక్కడే హతసాక్షి అయ్యాడని, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చాడని, సంప్రదాయం. ఆయన పేరున 5వ శతాబ్దంలో కట్టిన అష్టకోణ కట్టడం కొండ మీద ఇంకా ఉంది. ఇంతమంది పాఠకులకు పనికొచ్చే విషయాల్లో ఒక్కటీ మీ రెండు పేజీల్లో పట్టలేదు. సెల్ఫీ ఏ కోణంలో తీసుకోవాలో చెప్పడానికి మాత్రం ప్రత్యేకంగా ఒక బాక్సు కట్టారు.

ఇక ఆ ఫొటో సంగతి. కొండంతా నీలం నీళ్లతో పొంగిపొర్లుతున్నట్టు వేశారు. అది ఎక్కడ దొరికిందో, దానికి ఎంత రంగు పూశారో నాకు తెలియదు గానీ వెళ్లినవాళ్లకు అలా కనిపించదు. ఎక్కువ మడుగులు ఎండిపోయి ఉంటాయి. కారణం కూడా ఉంది. ఊట నీళ్లలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటి గాలి తగలగానే పోతుంది. అప్పుడు సున్నం పేరుకుని తెల్లటి రాయి అవుతుంది. నీళ్లు ఎప్పుడూ ఒకేచోట నిలిచి ఉంటే పాచి పడుతుంది. అందుకే వంతులవారీగా ఒక్కో వైపుకు వదులుతారు, మిగతా భాగం ఎండలో ఆరుతుంది. ఈ ముక్క ముందే చెబితే వెళ్లినవాళ్లు "మోసం, నీళ్లే లేవు" అని తిట్టుకోరు. నేనున్నప్పుడు చుట్టూ అదే మాట వినిపించింది.

ఆ కొండకు ఇంకో కథ ఉంది, అదీ రాయలేదు. ఒకప్పుడు సరిగ్గా శిథిలాల మీదే హోటళ్లు కట్టారు. ఊట నీళ్లను తమ స్విమ్మింగ్ పూల్స్‌లోకి మళ్లించుకున్నారు. తెల్లటి వాలు మీద వాహనాల కోసం రోడ్డు వేశారు. తెల్లరాయి నల్లబడిపోయాక గానీ బుద్ధి రాలేదు. 1990లలో హోటళ్లు తొలగించడం మొదలుపెట్టారు. ఆ రోడ్డు ఉన్న చోటే ఇప్పుడు మనుషులు నడిచేందుకు కృత్రిమ మడుగులు చేశారు. అనుమతులిచ్చిన అధికారులు ఏమయ్యారో ఎవరూ అడగరు. ఏ దేశంలోనైనా ఇదే తంతు. కట్టేటప్పుడు సంతకాలు, కూల్చేటప్పుడు కమిటీలు, ఖర్చు జనానిది. హియెరాపోలిస్ పాత ఉత్తర ద్వారం మీద ఫ్రాంటినస్ అనే రోమన్ గవర్నర్ పేరు ఉంది. క్రీ.శ. 80లలో కట్టించాడు, తర్వాత రోమ్ నగర నీటి సరఫరా బాధ్యతా చూశాడు. అప్పటి అధికారి కట్టించిన కమానులు ఇంకా నిలబడి ఉన్నాయి. నిన్నగాక మొన్న పర్మిషన్లిచ్చినవాళ్లు పెట్టిన మచ్చలు మానడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో.

మెట్లు మెట్లుగా ఉన్న ఆ తెల్లటి వాలు మీద చెప్పులు విప్పి నడవాలన్నది నియమం. మీ వ్యాసంలో ఆ ఒక్క వాక్యమూ లేదు. కాలి కింద రాయి గీతలు గీతలుగా గరుకుగా ఉంటుంది, అరికాళ్లు మండుతాయి. మడుగులో దిగితే అడుగున మెత్తటి తెల్ల బురద వేళ్ల మధ్యకు వస్తుంది. వయసు మళ్లినవాళ్లకు జారే భయం ఉంది. కాపలావాళ్లు ఈలలు ఊదుతూనే ఉంటారు, అయినా షూస్‌తో ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారని చెప్పడానికి సిగ్గుగా ఉంది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది "సర్వరోగ నివారిణి" అన్న శీర్షిక. గోరువెచ్చని నీళ్లలో కూర్చుంటే కండరాల నొప్పి కాస్త తగ్గుతుంది, హాయిగా ఉంటుంది, ఎవరూ కాదనరు. కానీ అక్కడికి వచ్చిన రోగులందరూ బాగుపడి ఇంటికి వెళ్లారా? ఆ పాత ఉత్తర ద్వారం బయట రోడ్డుకు రెండు వైపులా సమాధులే. దాదాపు రెండు కిలోమీటర్ల పొడవున, వెయ్యికి పైగా ఉన్నాయి. ఊరివాళ్లతో పాటు, జబ్బు నయమవుతుందని దూరాల నుంచి వచ్చి అక్కడే పోయినవాళ్లూ వాటిలో ఉన్నారంటారు. ఇల్లులా కట్టినవి, మట్టిదిబ్బలా గుండ్రంగా పేర్చినవి, మూత పక్కకు జరిగిన రాతి తొట్లు. ఫ్లావియస్ జ్యూక్సిస్ అనే వర్తకుడి సమాధి మీద, అతను గ్రీసు దక్షిణాన ఉన్న మలేయా అగ్రం చుట్టి ఇటలీకి 72 సార్లు ఓడలో వెళ్లాడని చెక్కి ఉంది. అమ్మియానోస్ అనే మిల్లు యజమాని తన రాతి పెట్టె మీద నీటిచక్రంతో రాళ్లు కోసే రంపం బొమ్మ చెక్కించుకున్నాడు. 3వ శతాబ్దం నాటిది. అలాంటి యంత్రానికి దొరికిన అతి పాత బొమ్మ అదేనని పండితులు చెబుతారు. తెల్లటి మెట్ల దగ్గర ఒక సమాధినైతే ఆ సున్నపు నీళ్లే పారి పారి సగానికి పైగా మింగేశాయి. రాతి గోడ ఎక్కడ ఆగిందో, నీళ్లు పేర్చిన రాయి ఎక్కడ మొదలైందో చేత్తో తడిమినా తెలియదు. నేను అక్కడే చాలాసేపు ఉండిపోయాను. మీ విలేకరి ఆ దారిన వెళ్లినట్టే లేదు.

బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు వేడినీళ్లలో దిగే ముందు డాక్టర్ని అడగాలని ఒక లైను రాయడానికి చోటు లేకపోయిందా? మా గ్రూపులో టికెట్లు వెతుకుతున్నవాళ్లు అరవై దాటినవాళ్లు. వాళ్ల గురించే నా టెన్షన్.

హియెరాపోలిస్‌లో పాతాళ దేవుడు ప్లూటో పేరున ఉన్న గుహను ప్లూటోనియం అంటారు. దాని గురించి "నేటికీ అంతుచిక్కని నరకద్వారం" అని రాశారు. అంతుచిక్కనిదేమీ లేదు. భూమి పగులులోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలి కన్నా బరువు కాబట్టి నేలబారున నిలుస్తుంది. బలికి తెచ్చిన, తల కిందికి ఉన్న ఎద్దులు పడిపోయేవి, నిలబడ్డ పూజారులు బతికేవారు. తాను వదిలిన పిచ్చుకలు వెంటనే చచ్చిపడ్డాయని స్ట్రాబో రాశాడు. 2013లో ఇటలీ పురావస్తు బృందం ఆ చోటును గుర్తించినట్టు ప్రకటించింది. తర్వాత శాస్త్రవేత్తలు వాయువును కొలిచి, తెల్లవారుజామున ఎక్కువగా పేరుకుంటుందని 2018లో ప్రచురించారు. ఇంత తేలిపోయిన విషయాన్ని మిస్టరీ అని అచ్చేస్తే పిల్లలు ఏం నేర్చుకుంటారు?

"గంటన్నర చాలు" అన్న సలహా మరీ అన్యాయం. అది టూర్ కంపెనీల లెక్క. మమ్మల్ని తీసుకెళ్లిన కంపెనీ కూడా బస్సు ఆపి, మడుగులు చూసి తొందరగా రమ్మంది. థియేటర్ మెట్లు ఎక్కుతుంటే గైడు ఫోన్ల మీద ఫోన్లు. పదివేల మందికి పైగా పట్టే థియేటర్, రోమన్ స్నానశాలలోనే పెట్టిన మ్యూజియం, స్తంభాలు మునిగి ఉన్న పురాతన కొలను, ఇవన్నీ చూడాలంటే పూర్తి రోజు కావాలి. ఆ కొలనులో క్లియోపాత్రా స్నానం చేసిందన్నది ఉత్త ప్రచారం, దాన్నీ నిజమన్నట్టే రాశారు. దానికి విడిగా టికెట్ ఉంటుందన్నది మాత్రం రాయలేదు.

ఒకప్పుడు మీ పత్రికలో యాత్రా వ్యాసం వస్తే కత్తిరించి దాచుకునేవాళ్లం. రాసినవాళ్లు ఆ ఊళ్లో తిరిగి రాసేవారు. ఇప్పుడు కంపెనీల బ్రోషర్లను తెలుగు చేసి వేస్తున్నారేమోనన్న అనుమానం వస్తోంది. ధర, ప్యాకేజీ, ఫొటో, అంతే.

దయచేసి వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి. సమాధుల దారి చూడాలనుకునేవాళ్లు ఉత్తరం వైపు ఉన్న టికెట్ గేటు నుంచి లోపలికి వెళ్లాలని, కింద ఊరి వైపు ద్వారం నుంచి వస్తే చెప్పులు చేత పట్టుకుని వాలంతా ఎక్కాలని రాయండి. స్నానాల కోసమే వెళ్లేవాళ్లకు పక్కనే కరహయిత్ అనే ఊళ్లో వేడి ఊట నీళ్ల థర్మల్ హోటళ్లు ఉన్నాయని చెప్పండి. సర్వరోగ నివారిణి అన్న మాటను పేరుపెట్టి వెనక్కి తీసుకోండి. ఆ సవరణను చిన్న అక్షరాల్లో ఏ మూలనో కాకుండా, వ్యాసం వచ్చిన పేజీలోనే వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాత చందాదారు