ఐదేళ్ల గ్యారంటీ అందరికీ లేదు

సంపాదకునికి,

నెల్లూరులో ఫ్లాట్ కొనబోతే ముందుగా వినిపించే మాట 'ఐదేళ్ల గ్యారంటీ'. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలోనో పనితనంలోనో లోపం బయటపడి మనం చెబితే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. బాగానే ఉంది. కానీ స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మా వేదాయపాళెం సందుల్లో లేస్తున్న ఐదారు ఫ్లాట్ల బిల్డింగులు ఆ కోవలోవే. మాదీ అంతే. తుపాను వానలకు గోడ చెమ్మెక్కితే 'మీ వాడకంలో తేడా' అన్నాడు బిల్డర్. అగ్రిమెంట్ తిరగేస్తే గ్యారంటీ ఊసే లేదు.

ఇక తనిఖీలు. బ్యాంకు ఇంజనీరు అప్పుకు సరిపడా విలువ ఉందా అని చూస్తాడు. కార్పొరేషన్ వాళ్లు ప్లాను ప్రకారం కట్టారా అని చూస్తారు, అదీ చూస్తే! పిల్లర్లో కడ్డీ, గోడలో పైపు ప్లాస్టరింగ్ అయ్యాక ఎవరికీ కనపడవు. ఉప్పు నీళ్లు, ఉప్పిసుక వాడితే కడ్డీ తుప్పుపట్టి పెచ్చులూడేసరికి ఆ ఐదేళ్లూ దాటిపోవచ్చు.

చిన్న బిల్డింగులకూ స్లాబ్ వేసేముందు బిల్డర్‌తో సంబంధం లేని ఇంజనీరు తనిఖీ చేసి, ఆ రిపోర్టు కొనేవాళ్ల చేతికి ఇచ్చేలా ప్రభుత్వం నిబంధన పెట్టాలి. ఫీజు మేమే కట్టుకుంటాం.

– ఓ ఫ్లాట్ యజమాని, వేదాయపాళెం, నెల్లూరు