పోకచెక్క పోలిక ఐరోపా చిన్న దేశాలకు నప్పదు

గౌరవనీయులైన సంపాదకులకు,

ఐరోపా భద్రతపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం రష్యాకూ పశ్చిమ దేశాలకూ నడుమ ఉన్న చిన్న దేశాలను అడకత్తెరలో పోకచెక్కలతో పోల్చింది. పెద్ద దేశం నీడకు చేరడమో, తటస్థంగా ఉండి ఎవరి కంటా పడకుండా రోజులు వెళ్లదీయడమో తప్ప వాటికి గత్యంతరం లేదని తేల్చింది. ఒత్తిడి ఎటునుంచి రాబోతున్నదో ముందుగా గ్రహించి పక్కకు జరగడం పోకచెక్కకు చేతకాదు. ఈ దేశాలకు చేతనవును. కొన్ని ఆ పని చేశాయి, కొన్ని చేయలేకపోయాయి. వ్యాసం పట్టించుకోని ఆ తేడా గురించే ఈ లేఖ.

ముందుగా తటస్థత విషయం. ఒక దేశం తాను తటస్థమని ప్రకటించుకుంటే చాలదు, ఇరుగుపొరుగు దాన్ని మన్నించాలి. స్విట్జర్లాండ్ తటస్థతను 1815లో ఐరోపా పెద్ద రాజ్యాలే గుర్తించాయి. బెల్జియానికి 1839లోనూ, లక్సెంబర్గ్‌కు 1867లోనూ అటువంటి హామీలే దక్కినా, 1914లో జర్మనీ సేనలు ఆ రెండింటిలోకీ నడిచివచ్చాయి, 1940లో మళ్లీ వచ్చాయి. 1949లో నాటో సైనిక కూటమిని స్థాపించిన పన్నెండు దేశాల్లో ఆ రెండూ ఉన్నాయంటే కారణం వెతుక్కోనక్కరలేదు. మోల్దోవా పరిస్థితి ఇంకా విచిత్రం. తమ దేశం శాశ్వతంగా తటస్థమనీ, తమ గడ్డపై పరాయి సైన్యానికి చోటులేదనీ 1994 రాజ్యాంగంలో రాసుకున్న ఆ దేశంలో, వేర్పాటువాదుల అధీనంలోని ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంతాన రష్యా సైనికులు నేటికీ ఉన్నారు. వారిని ఉపసంహరించుకుంటామని 1999లో ఇస్తాంబుల్ శిఖరాగ్ర సమావేశంలో రష్యా ఇచ్చిన మాట నెరవేరలేదు.

దీనికి భిన్నంగా ఫిన్లాండ్ నడిచిన తీరును వ్యాసకర్త రెండు వాక్యాల్లో ముగించడం నాకు నచ్చలేదు. రష్యాతో సుమారు 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న ఆ దేశం 1939-40 శీతాకాల యుద్ధంలోనూ, వెనువెంటనే సాగిన మరో యుద్ధంలోనూ కొంత భూభాగాన్ని పోగొట్టుకుని, 1948లో సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం కుదుర్చుకుని, మాస్కోకు కంటగింపయ్యే మాట పెదవి దాటనివ్వకుండా నాలుగు దశాబ్దాలు నెట్టుకొచ్చింది. ఆ అణకువకు మూల్యమూ చెల్లించింది. అక్కడి పత్రికలు తమ రాతలను తామే కత్తిరించుకున్నాయి, ‘ఫిన్లాండైజేషన్’ (పెద్ద పొరుగుదేశానికి జంకి ఒదిగి ఉండడం) అనే మాట లోకంలో ఎత్తిపొడుపుగా స్థిరపడిపోయింది. అయితే పైకి కనిపించిన ఆ మౌనం చాటున సన్నాహం ఏనాడూ ఆగలేదు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక అనేక ఐరోపా దేశాలు నిర్బంధ సైనిక శిక్షణకు స్వస్తి చెప్పినా ఫిన్లాండ్ కొనసాగించింది. యుద్ధమే వస్తే 2,80,000 మందిని రంగంలోకి దించే ఏర్పాటును నిలుపుకుంది. 64 ఎఫ్-35 యుద్ధ విమానాలు కొనాలని 2021 డిసెంబరులో, అంటే ఉక్రెయిన్‌పై రష్యా పూర్తిస్థాయి దాడికి రెండు నెలల ముందే నిర్ణయించింది. అవసరమనుకుంటే నాటోలో చేరతామన్న వెసులుబాటును ప్రభుత్వాలు తమ విధాన పత్రాల్లో ఏళ్ల తరబడి పదిలంగా ఉంచాయి. కనుకనే 2022 మే 17న పార్లమెంటు 188-8 ఓట్లతో సభ్యత్వాన్ని సమర్థించగలిగింది, మర్నాడే దరఖాస్తు వెళ్లింది, 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నాటోలో 31వ సభ్యదేశమైంది. వ్యాసకర్త దీన్ని భయంతో వేసిన అడుగు అన్నారు. భయం లేదని నేను అనను, కానీ భయం పుట్టిన మూడు నెలల్లో ఇంత పని జరగదు.

కూటమిలో చేరితే కథ సుఖాంతమవుతుందన్న అభిప్రాయం కూడా సరికాదు. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా 2004లోనే నాటోలోనూ ఐరోపా సమాఖ్యలోనూ చేరాయి. అయినా ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా వాటి విద్యుత్ గ్రిడ్ ఫ్రీక్వెన్సీని నియంత్రించింది మాస్కోయే. ఒకరిపై దాడి జరిగితే అందరిపై జరిగినట్లే భావిస్తామనే నాటో ఐదవ అధికరణం, పొరుగుదేశం స్విచ్ కట్టేస్తే ఏం చేయాలో చెప్పదు. ఆ ముడి 2025 ఫిబ్రవరి 8న తెగింది. ఆ రోజు మూడు దేశాలూ రష్యా, బెలారస్‌ల గ్రిడ్ నుంచి విడిపోయి, ఒక రోజు తమంతట తాము నెట్టుకొచ్చి, మర్నాడు పోలండ్ మీదుగా ఐరోపా గ్రిడ్‌తో అనుసంధానమయ్యాయి. గ్యాస్ విషయంలో లిథువేనియా ఇంకా ముందుచూపు చూపింది. క్లైపెడా రేవులో 2014లో నౌకల్లో వచ్చే ద్రవీకృత సహజవాయువును దించుకునే తేలియాడే ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ పెట్టుకుంది (ఆ నౌక పేరు ‘ఇండిపెండెన్స్’, అర్థం విప్పి చెప్పనక్కరలేదు). 2022 ఏప్రిల్‌లో రష్యా గ్యాస్ మానేశామని ప్రకటించగలగడానికి ఆ టెర్మినలే ఆధారం.

అదే లిథువేనియా మరో చోట తొందరపడింది. 2021 నవంబరులో రాజధాని విల్నియస్‌లో ‘తైపీ’ పేరుతో కాక ‘తైవాన్’ పేరుతోనే ప్రతినిధి కార్యాలయానికి అనుమతి ఇవ్వగా, తైవాన్ తన భూభాగమేననే చైనా దౌత్య సంబంధాల స్థాయిని తగ్గించింది, లిథువేనియా సరుకులు చైనా కస్టమ్స్‌లో చిక్కుకుపోయాయి. ఆ పేరు విషయం తనతో సంప్రదించలేదనీ, అది పొరపాటనీ లిథువేనియా అధ్యక్షుడే కొద్ది వారాలకు అన్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఇంట్లోనే ఏకాభిప్రాయం లేని నిర్ణయంతో ఒక చిన్న దేశం అంత పెద్ద ఆర్థిక శక్తిని ఢీకొనడం నా దృష్టిలో ధైర్యం కాదు.

ఇక మిత్రులే మెలిక పెడితే ఏమవుతుందో ఉత్తర మాసిడోనియాను చూస్తే తెలుస్తుంది. ‘మాసిడోనియా’ అన్న దేశం పేరుపై గ్రీసు అభ్యంతరం చెప్పడంతో 2008లో దానికి నాటో ఆహ్వానం అందలేదు. 2018 జూన్‌లో ప్రెస్పా సరస్సు ఒడ్డున కుదిరిన ఒప్పందం ప్రకారం దేశం పేరునే మార్చుకున్నాక 2020 మార్చిలో నాటో తలుపు తెరుచుకుంది. ఐరోపా సమాఖ్య తలుపు మాత్రం తెరుచుకోలేదు. 2019లో ఫ్రాన్స్ అడ్డుచెప్పింది. 2020లో భాషనూ చరిత్రనూ ముందుపెట్టి బల్గేరియా వీటో వాడింది. ఇప్పుడు బల్గేరియన్లను రాజ్యాంగంలో ప్రస్తావిస్తూ సవరణ చేయాలన్న షరతు వద్ద చర్చలు నిలిచిపోయాయి. పేరును సైతం వదులుకున్న దేశానికి ఇంతకన్నా మర్యాద దక్కాల్సింది.

ఈ వరుసలో మీ పత్రిక తదుపరి వ్యాసం ప్రచురించేటట్లయితే మోల్దోవాపై రాయించవలసిందిగా నా మనవి. 2024 అక్టోబరు ప్రజాభిప్రాయ సేకరణలో ఐరోపా సమాఖ్య లక్ష్యానికి అక్కడ అనుకూలంగా పడినవి 50.35 శాతం ఓట్లే. 2025 జనవరి 1న రష్యా గ్యాస్ ఆగినప్పుడు చలికి వణికింది ట్రాన్స్‌నిస్ట్రియా ప్రజలు, రొమేనియా వైపు నుంచి విద్యుత్తు తెప్పించుకుని గట్టెక్కింది మిగతా దేశం. అడకత్తెర ఎవరిని నొక్కిందో ఆ శీతాకాలపు వివరాల్లో మీ పాఠకులే చూసుకుంటారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు